మైలారభట్టు నౌకాసైన్యాధిపత్యము

భాద్రపదమాసము ముగియవచ్చెను. సహ్యాద్రిసానువులయందుఁ బదిదినము లెడతెగక కురిసిన జడివాన యెల్ల నొక్కటియై యెఱ్ఱమట్టి గలసిన జలములతో నుఱుకులు వెట్టుచు రాఁగా కృష్ణవేణి తన రెండు గట్టుల నొరసికొని వేళ్లతోఁ బెకలిన తాటిబోదెలను నురుఁగుతెట్టెలను ఎగువ నేయూరి దొడ్లనుండియో కొట్టుకొనివచ్చిన గడ్డివాముల శిఖరములను ఆ శిఖరములపై నిలిచి యీ దేశసంచార మెన్నటికి ముగియునో యని దిగులుపడుచున్న కోడిపుంజులను మోసికొని తూర్పుసముద్రమునకుఁ బోవుచుండెను. ఉత్తరతీరమున మారేడువీటి ప్రభువగు మల్లపదేవుని గుడారములు. దక్షిణతీరమునఁ బొగడవీటి ప్రభువగు అనంతదేవుని గుడారములు. ఈ గట్టున హరహరనాదము మిన్నుముట్టఁగా నాగట్టున గోవిందనామము దానిని మించవలెనని మ్రోగుచుండెను. ఏ పక్షమునకుఁ జెందని కప్పలు మాత్రము నడుమఁ దమకుఁ దోఁచినట్లు బెకబెకలాడుచుండెను.

అట్టి ప్రభాతకాలమున నుత్తరతీరమునందలి యొక పట్టుగుడారములో శిరస్త్రాణమును ముందు వెనుకలు తెలియక త్రిప్పి త్రిప్పి చూచుచుఁ గూర్చుండిన బ్రాహ్మణుఁడు మైలారభట్టు. ఇతఁడు మల్లపదేవుని యాస్థానపండితుఁడు. ఏఁబదియేండ్లవాఁడు. వ్యాకరణమునఁ గుశలుఁడు తర్కమునఁ గర్కశుఁడు భోజనమున నుదారుఁడు జలమన్న మాత్రము పరమభీరువు. బాల్యమున నూతిలోఁ బడి చేఁదతాటితోఁ బైకి లాగఁబడిన నాఁటినుండి యితఁడు మోకాలిలోఁతు నీటిలోనైన నడుగిడి యెఱుఁగఁడు. నది కోసెఁడు దూరములో నుండఁగా నింటిపెరటిలో సప్తనదులను చెంబులోనికే యాహ్వానించుచు స్నానమాడుచుండెను. అట్టివాఁడు కృష్ణానదిపై నెనుబది నావలకు సేనాధిపతి యెట్లయ్యెనో చెప్పవలసియున్నది.

మారేడువీటికిఁ బొగడవీటికి నడుమ నదీగర్భమున నడిమిలంక యని యొక యిసుకతిన్నె కలదు. దానిపై నిలువెత్తు రాయి యొకటి నిలిచియుండెను. దాని నెవరు నిలిపిరో యెవరికిని దెలియదు. పూర్వ మెన్నఁడును దానినిగూర్చి యడిగినవారును లేరు. అట్లుండఁగా నొక జంగమయ్య నావలో నాదారిని వచ్చి యారాతిపై మూఁడడ్డరేఖలు చూచితినని మైలారభట్టుతోఁ జెప్పెను. అంతే చాలెను. ఆ రాయి సాక్షాత్తు స్వయంభూలింగమని భట్టు ఎనుబదినాలుగుపపత్తులతో నొక గ్రంథము రచించెను. ఆ సంగతి పొగడవీటి యాస్థానపండితుఁడగు వరదాచార్యుల చెవిఁ బడెను. ఆయనకు మఱియొకరు, ఒక పూలవర్తకుఁడు, ఆ రాతిపై నిలువురేఖలు చూచితినని చెప్పియుండెను. అది విష్ణువిగ్రహమే యని యాయన యెనుబదియైదుపపత్తులతోఁ బ్రతిగ్రంథము రచించెను. ఆ యధికమైన యొక్క యుపపత్తియే సమస్తానర్థమునకును మూలము. దానిని సహింపలేక భట్టు తన ప్రభువును బ్రేరేపించెను. ఆచార్యుఁడు తన ప్రభువును బ్రేరేపించెను. ఇరువురు రాజులును ఆ లంకపై గుడి కట్టించి తీఱెదమని శపథములు చేసిరి. ఇంత వ్రాసిన యీ మహాపండితు లిరువురిలో నొక్కఁడైన నావ యెక్కి పోయి యారాతిని గన్నులారఁ జూచినవాఁడు కాఁడు.

మల్లపదేవుఁడు ధర్మాత్ముఁడు భక్తశిఖామణి సరళహృదయుఁడు. అలంకారశాస్త్రముతో నాయనకు మైత్రి లేదు. ఒకప్పుడొక కవి ప్రభువుకీర్తి చంద్రునిఁ దెల్లఁబఱచెనని చదువఁగా నాసాయంకాలమే మేడ యెక్కి చంద్రుని బరీక్షించి "కొంత నిజమే" యని తల యూఁచిన మహానుభావుఁడు. అట్టి ప్రభువునెదుట యుద్ధాలోచనము జరుగుచుండఁగా నదీయుద్ధమునందు మనవారి కనుభవము లేదని మంత్రి సంశయము వెలిబుచ్చెను. మైలారభట్టు లేచి యుత్తరీయము సవరించుకొని యిట్లనియెను.

"పంచాక్షరి నాలుకపై నిలిచినవానికి నది గోష్పదమాత్రము. నావలేల? తెడ్లేల? నావంటి నిరాయుధుఁడొక్కఁడు సేనకు ముందు నిలిచినఁ జాలును. శత్రునౌకలు గాలికి నెండుటాకులవలెఁ జెదరిపోవును."

సభ్యులు కరతాళములు చేసిరి. మల్లపదేవుని నేత్రములయం దానందబాష్పములు గ్రమ్మెను.

"భట్టుగారూ! నౌకాసేన నెవ్వరి చేతఁ బెట్టవలెనో తెలియక మూఁడు దినములుగాఁ జింతించుచుంటిమి. పరమేశ్వరుఁడే మీ నోటఁ బలికించెను. ముందునావ మీది."

భట్టు తెల్లవోయెను. "ప్రభూ! నా మాటకు వాచ్యార్థము ప్రధానము కాదు. నా భావము లాక్షణికము."

"మీ వినయము మే మెఱుఁగనిదా?" యని ప్రభువు తన కంఠమునందలి రుద్రాక్షమాలను దీసి భట్టు మెడలో వైచెను. ఆ మాల యా క్షణమున భట్టునకు నూతిచేఁదత్రాడువలెఁ దోఁచెను.

ఇంటికి వచ్చి భట్టు కంబళి కప్పుకొని పడుకొని మూల్గఁజొచ్చెను. అతని భార్య సోమిదేవమ్మ యల్పభాషిణి. ఇరువదియెనిమిదేండ్లుగా నాస్థానపండితునితోఁ గాఁపురము చేసినది గనుక మాటలాడుట కామె కవకాశము చిక్కుట యరుదు. ఆమె వచ్చి నొసటిపైఁ జేయిడి చూచెను.

"జ్వర మెక్కడ? చల్లగా నున్నదే."

"అంతర్జ్వరము. పైకిఁ దెలియదు."

"ఆ రాతిని మీరు చూచితిరా?"

"ప్రత్యక్షముకంటె ననుమానప్రమాణము బలవత్తరమైన సందర్భములు కలవు" అని భట్టు కంబళిలోనుండియే సమాధానము చెప్పెను.

సోమిదేవమ్మ కంబళి తొలఁగించి పులిహోర మూట యొకటి యాతని చేతిలో నిడి "నావలో నడుమఁ గూర్చుండుఁడు. మీ మాట నీటిపైఁ దేలును గాని మీరు తేలరు" అనెను. ఆ పలుకు పరిహాసమువలె వెలువడినను ఆమె కన్నులు చెమ్మగిల్లియుండుట భట్టు చూచెను. చూచి మఱింత భయపడెను.

ఇది పూర్వవృత్తాంతము. ఇఁక యుద్ధదినమునకు వత్తము.

ఆ యేటిపైఁ దిరుగు నావలన్నియు బెస్తలవి. ఉత్తరతీరమున దొరకిన నావలను మల్లపదేవుని భటులును దక్షిణతీరమున దొరకినవానిని అనంతదేవుని భటులును బట్టుకొనిరి. నావలతోఁబాటు వానిని నడపువారినిఁ గూడఁ బట్టుకొనిరి. ఇవతలి గట్టువారి నొసళ్ల విభూతి పూసిరి. అవతలి గట్టువారి నొసళ్ల నామములు దీర్చిరి. తరతరములుగా నీ గట్టుపిల్ల నాగట్టు పిల్లవానికిచ్చి పెండ్లిండ్లు చేసికొనుచున్న యా జనులు రాజాజ్ఞచే నొక్కపూఁటలో నన్యోన్యశత్రువులైరి. ముందునావ చుక్కాని పట్టినది రేవుపెద్దయగు పోలి. అరువదేండ్ల విధవ. ఎండిన వెదురుగడవలె సన్ననై నల్లనై నిటారుగా నుండునది. ఆమె నొసటిపై మూఁడువిభూతిరేఖలు రాజభటులు తొందరలోఁ బూయుటచే నొక కనుబొమ్మమీఁదికి జాఱియుండెను.

భట్టు నావ యెక్కుటకు మూఁడుమాఱులు ప్రయత్నించెను. మొదటిమాఱు కాలు పెట్టఁగానే నావ కదలెనని కాలు తీసెను. రెండవమాఱు ముహూర్తము చాలదనెను. మూఁడవమాఱు బొల్లననాయకుఁడు వెనుకనుండి యెత్తి లోపల వైచెను. ఈ బొల్లన యసలైన యోధుఁడు. మీసములు చెవులదాఁక పెంచినవాఁడు. పండితునిక్రింద యుద్ధము చేయవలసివచ్చెనే యని పండ్లు కొఱుకుచుండెను.

పోలి సేనాధిపతిని దిగువనుండి మీఁదివఱకుఁ జూచి "అయ్యగారూ, అంచున కూకోబాకండి. నావ వొరుగుద్ది. నడిమికి రండి" అనెను.

"ఓసీ! నేను సేనాధిపతిని. అగ్రభాగమున నిలువవలసినవాఁడను."

"నిలబడితే మీరు పడతారు. మీరు పడితే మేమూ పడతాం. కూకుంటే అందరం గట్టెక్కుతాం. మీ ఇష్టం."

సేనాధిపతి నడుమఁ గూర్చుండెను.

భేరులు మ్రోగెను. ఎనుబది నావలు రేవు విడిచెను. ఎదుటిగట్టునుండి మఱి యెనుబది నావలు బయలుదేఱెను. నావ నడిమిపాయలోనికిఁ బోవునప్పటికి భట్టు తలలోని వ్యాకరణ మంతయు కడుపులోనికి దిగి తిరుగఁజొచ్చెను. యుద్ధారంభసూచకముగా శంఖము పూరింపవలసినది సేనాధిపతియే గనుక బొల్లన శంఖ మందిచ్చెను. భట్టు కన్నులు మూసికొని యూఁదెను. దానినుండి వెడలిన ధ్వని వీరరసమునకుఁ జెందినది కాదు. తల్లికై యఱచు లేఁగదూడను బోలియుండెను. ఆశ్చర్యమేమనఁగా నెదుటి సేనలోని ముందునావనుండియు సరిగా నట్టి ధ్వనియే ప్రత్యుత్తరముగా వినవచ్చెను.

అంతలో వాన కురియఁజొచ్చెను. వాన యనఁగాఁ జినుకులు కావు. కడవలతోఁ గ్రుమ్మరించినట్లు. విలుకాండ్రు బాణములు సంధించి విడిచిరి గాని తడిసి సడలిన యల్లెత్రాళ్లనుండి వెడలిన శరములు రెండుబారల దూరము పోయి యలసి నీటఁ బడెను. ఆ ప్రథమశరవర్షమునఁ గొన్ని చేఁపలు తప్ప వేఱెవరును గాయపడలేదు. అప్పుడు బొల్లన తాను రహస్యముగా సిద్ధపఱచిన వ్యూహమును బ్రయోగించెను. ఇనుపకొక్కెములు గట్టిన మోకులను విసరి శత్రునావలను బట్టి లాగుమని యాజ్ఞాపించెను. సరిగా నదేసమయమున శత్రువులును దాము రహస్యముగా సిద్ధపఱచిన వ్యూహమును బ్రయోగించిరి. అదియు నిదియే. నూటయఱువది నావలు నొండొంటినిఁ బట్టుకొని లాగికొని చుట్టుకొని యొక్క గడియలోఁ జిక్కుపడిన నూలుకండెవంటి మహాసమూహమై నదీవేగమునఁ దిరుగఁజొచ్చెను.

వాన యూరకుండలేదు. ఇరుసేనల నొసళ్లను గడిగివైచెను. విభూతి పోయెను. నామములు పోయెను. ఒక్కటే భాష యొక్కటే వేషము నొక్కటే బురద గల యెనిమిదివందలమంది కత్తులు దూసి యెవరిని నఱకవలెనో తెలియక యొండొరుల మొగములు చూచుకొనఁజొచ్చిరి. భట్టునకు దాపుననే యొకభటుఁడు మఱియొకని గొంతు పట్టుకొని "నీవెవరివాఁడవు?" అని గద్దించెను. ఆ రెండవవాఁడు "ముందు నీవు చెప్పు" అనెను. "నేనేల చెప్పవలె? ముందడిగినవాఁడను నేను గదా?" "నీవు చెప్పినఁగాని నేను చెప్పను." ఆ వివాద మెటు తెగెనో తెలియదు. కొంతసేపటికి భట్టు మరల నటు చూడఁగా నిరువురును గలసి తమ నావలోని నీరు తోడుచుండిరి.

అయినను బొల్లనవంటివానికి వాన యొక లెక్క కాదు. ఆతఁడొక యల్లెత్రాటిని శిరస్త్రాణములోఁ బొడిగా దాఁచియుంచెను. దానినిఁ దీసి విల్లెక్కుపెట్టి పండ్రెండుమూరల దూరమున నెదుటినావలోఁ దెడ్డువేయుచున్న నల్లని యువకుని ఱొమ్మునకు గుఱిచూచెను. వాని నొసట నామము సగము మిగిలియుండెను.

పోలి చుక్కాని వదలిపెట్టి కేకవైచెను. "అయ్యా! అయ్యా! ఆడు అంకడు. నా అల్లుడు. నా కూతురు పురుడు పోసుకుని ఏడు దినాలు కాలేదు. బిడ్డ మొగమన్నా సరిగా చూడలేదయ్యా ఆడు!"

"శత్రువు" అని బొల్లన చెవివఱకు నారి లాగెను.

మైలారభట్టు ఆ యువకుని జూచెను. ఎనుబదినాలుగుపపత్తులలో నే యొక్కదానియందును మనుష్యుని మొగము లేదు. ఇపుడు తన గ్రంథము చివర నొక మొగము నిలిచియున్నది. వానచినుకులు కంటఁబడఁగా ఱెప్పలార్చుచు నొక బాణమువైపుఁ జూచుచున్నది. భట్టునకు లోపల నేదో తెగెను. సోమిదేవమ్మ మాట మఱచెను. పోలి మాట మఱచెను. నదిని సైతము మఱచెను. నావ నడుమఁ జివాలున లేచి నిలిచెను.

"బొల్లనా! విల్లు దింపుము."

"ఎవరి యాజ్ఞ?"

"సేనాధిపతి యాజ్ఞ!" అని భట్టు గర్జించెను. శంఖమునకు లొంగని వీరరస మా కంఠమునఁ బలికెను. బొల్లన తృళ్లిపడెను. బాణము మేఘములలోనికిఁ బోయెను. విల్లు దిగెను. ఆ నౌకాసైన్యాధిపత్యమునందు భట్టు చేసిన యాజ్ఞ యిది యొక్కటియే. ఇది యక్షరాలఁ జెల్లెను. అయితే నిలిచినచోఁ బడుదురని పోలి చెప్పినదియు నక్షరాలఁ జెల్లెను. సేనాధిపతి బోరగిలఁ గృష్ణలోఁ బడెను.

మునిఁగినవానికి నీళ్లలో మొదట వినవచ్చినది తన హృదయధ్వని. పిమ్మట శిఖ యెవరో పట్టి లాగిరి. కన్ను తెఱవఁగా నల్లని మొగమును సగము నామమును గానవచ్చెను. అంకఁడు నావనుండి వంగి పండితుని పిలకను గుప్పిటఁ బట్టుకొనియుండెను. అదేక్షణమున నా మహానౌకాసమూహము పెద్దదెబ్బతో నిసుకపైఁ బడి నిలిచిపోయెను. నడిమిలంక! అంకఁడు భట్టును దడిసిన బస్తావలె లంకమీఁదికి దొర్లించెను.

భట్టు నాలుగుకాళ్లఁ బ్రాఁకి తనకు మొదటఁ జిక్కిన యాధారమును గౌఁగిలించుకొనెను. అది యొక రాయి. దాని నవతలివైపునుండి యంతకుముందే యొకరు గౌఁగిలించుకొని యుండిరి. ఆయన పొడవైనవాఁడు. బక్కపలుచనివాఁడు. మెడలోఁ దులసిమాల వ్రేలాడుచుండెను. నోటినుండి నీళ్లు వెడలుచుండెను.

"మైలారభట్టుగారేనా?" అని యాయన దగ్గుచు నడిగెను.

"వరదాచార్యులవారేనా? మీరిక్కడ నేల?"

"నా యెనుబదియైదవ యుపపత్తికి మెచ్చి మా ప్రభువు నన్ను సేనాధిపతిని జేసెను. ఆ శంఖధ్వని మీదియా?"

"నాదే. మీదియు వింటిని."

ఇరువురును నూపిరి పీల్చుకొనిరి. పిమ్మట నొక్కసారిగా నిరువురకును దా మేమి గౌఁగిలించుకొనియున్నామో స్ఫురించెను. మెల్లగాఁ జేతులు వదలి వెనుకకు జరిగి చూచిరి. ఉత్తరముఖమున మూఁడడ్డగీట్లు. దక్షిణముఖమున నిలువుగీట్లు. తక్కినచోట్ల నడ్డముగా నిలువుగా నేటవాలుగా లెక్కకు మించిన గీట్లు. రాతి మొదట నెండిన చేఁపపొలుసులు.

నావ లాగి కట్టుచున్న పోలి వారి మొగములు చూచి "ఏం అయ్యగారూ, అట్టా చూత్తారు? కత్తులు నూరుకునే రాయి గదా" అనెను.

"కత్తులా?" అని భట్టు హీనస్వరమున నడిగెను. "అడ్డరేఖలు?"

"కూకుని నూరితే అడ్డగీత. నిలబడి నూరితే నిలువుగీత. మా అత్త కాలం నుంచీ ఇక్కడే చేపలు కోసుకుంటాం. దణ్ణం పెట్టకుండా మాత్రం కత్తి పెట్టం."

అంతలో వెనుకనావలలో వచ్చిన రాజు లిరువురును రెండువైపులనుండియు దూసిన ఖడ్గములతో మోకాలిలోఁతు బురదలోఁ బడుచు లేచుచు వచ్చిరి. మల్లపదేవుఁడు స్థూలశరీరుఁడు. అనంతదేవుఁడు వామనుఁడు. పోరాడుటకుఁ దగినంత చేరువకు వారు రాఁగా భట్టు నడుమ నిలిచెను. తాను మౌనముగా నుండినఁ దన తల నిలుచును. మాటలాడినచో నెనిమిదివందల తలలు నిలుచునేమో. లెక్క సులభమే గాని తల తనది.

"ప్రభూ!" అనెను. "ఈ రాతిని నేను నేఁడే మొదటిసారి చూచుచున్నాను. చూడకయే వ్రాసితిని. విన్నదానికిఁ గన్నదానివలె సాక్ష్యము పలికితిని. ఈ తప్పు నాది."

వరదాచార్యుఁడు కన్నులు మూసికొని "నేనును నట్లే" యనెను.

మల్లపదేవునికి ముందర మాట యర్థము కాలేదు. అర్థమైనపిదప ముఖము జేవురించెను. "మీరు చూడని రాతికై మా సేన నేటఁ ద్రోయించితిరా?" అని ఖడ్గమెత్తెను. అనంతదేవుఁడు తన పండితునివైపుఁ దనఖడ్గ మెత్తెను. ఆ యుద్ధమంతటిలో నిరుపక్షములవారు నేకాభిప్రాయమునకు వచ్చిన ప్రథమసందర్భ మిది.

అపుడు పోలి యెగువవైపుఁ జూచి యొక్కకేక వైచెను. "దొరలూ! కొత్తనీరు వత్తంది! నరుక్కునేది గట్టెక్కినాక నరుక్కోండి! నావలెక్కండి!"

అందఱు నటు చూచిరి. నది వంకదిరుగుచోటఁ దెల్లని గోడవంటి నురుఁగు లేచుచుండెను. ఆ దర్శనమున ద్వైతాద్వైతవిచారము లన్నియు శమించెను. రాజులు పండితులు భటులు నెవరి నావ యెవరిదో చూడక యెక్కిరి. మల్లపదేవుఁడు పొగడవీటి నావలోఁ బడెను. అనంతదేవుఁ డాయన యొడిలోఁ బడెను. మోకులు కొక్కెములు విప్పుటకు వ్యవధి లేదు. కావున నా నూటయఱువది నావలు నొక్కటిగానే లేచి యొక్కటిగానే తేలెను. వరద లంకను గప్పివేసెను. రాయి యొకసారి యూఁగెను. ఒరగెను. ఎఱ్ఱనీటిలోఁ గానరాకపోయెను.

"ఏయండి తెడ్లు! అందరూ ఒకేపాలి!" అని పోలి కేకవైచుచుండెను. తెడ్డుదొరకినవాఁడు తెడ్డుతో దొరకనివాఁడు డాలుతో నీటిని ద్రోయఁజొచ్చిరి. చేతులు కట్టుకొని కూర్చుండిన యనంతదేవుని జూచి పోలి "నీకు వేరే చెప్పాలా దొరా?" యనెను. పొగడవీటి ప్రభువు తన తండ్రి పోయినతరువాత నొకరి యాజ్ఞ వినుట యదే మొదలు. వెంటనే డాలు దింపి నీరు ద్రోసెను. ఆతని ప్రక్కన మల్లపదేవుఁడు బుసకొట్టుచు ద్రోయుచుండెను. భట్టు కడుపులోని బాధ నెపుడో మఱచెను. పోలి "హైలెస్సా" యనఁగా నుత్తరమిచ్చు కంఠములలో నాతనిదే బిగ్గరగా వినవచ్చెను.

మధ్యాహ్నమునకు రెండామడల దిగువ నొక బెస్తపల్లె దగ్గఱ నావలు గట్టు ముట్టెను. ఆ పల్లె యేరాజు పాలనలో నున్నదో రాజులిరువురకును దెలియదు. పల్లెవారికిని దెలియదు. లెక్కించి చూడఁగాఁ దలలన్నియు నుండెను. ఇరువదిముగ్గురకు గాయములు. బొల్లనకు మీస మొకవైపు మోకులోఁ జిక్కి తెగిపోయెను. పల్లెపడుచులు పెద్దకుండలతోఁ జోళ్లంబలి తెచ్చి పోయఁగా రాజులిరువురును దొన్నెలు పట్టుకొని వరుసలో నిలిచిరి. బ్రాహ్మణు లిరువురు నొక పాకచూరుక్రింద నొదిగి తడిసిన పులిహోర మూట విప్పి యెడముగాఁ గూర్చుండి చెఱిసగము భుజించిరి.

కడుపు నిండినపిదప రాజులకు మతము మరల జ్ఞప్తికి వచ్చెను.

"కత్తులు నూరినంతమాత్రమున దైవము కాకపోవునా? దేవుఁ డే రాతినైన నాశ్రయింపవచ్చును" అని మల్లపదేవుఁ డారంభించెను. "అనాచారము సహింపలేక స్వామి గంగలోఁ గలసెను. గంగ నౌఁదలఁ దాల్చువాఁ డెవ్వఁడు? కావున నది లింగమే."

"నది పోవునది సముద్రమునకు. సముద్రమున శయనించువాఁ డెవ్వఁడు? స్వామి తన నెలవునకుఁ బోయెను" అని యనంతదేవుఁడు లేచెను.

దొన్నెలు నేలఁ బడెను. భటులు మెల్లమెల్లగాఁ దమ తమ రాజుల వెనుకకుఁ జేరఁజొచ్చిరి. పొయ్యివద్ద నొకఁడు బొగ్గును నీళ్లును గలిపి నొసటఁ బెట్టుకొనుచుండెను. ఏ గీటు పెట్టవలెనో మాత్రము వానికిఁ దోఁచలేదు. పురిటికై యా పల్లె చుట్టములయింట నుండిన పోలికూఁతురు బిడ్డ నెత్తుకొని పాకముందు నిలువఁగా నామె ప్రక్క అంకఁడు నిలిచెను. పోలి వానిముందు నిలిచెను.

మల్లపదేవుఁడు భట్టువైపుఁ దిరిగి "భట్టుగారూ! మీ తప్పు క్షమించితిమి. చూడక వ్రాసితిరి గాని యిపుడు చూచితిరి. పిండితార్థము సెలవిండు. ఆ రాయి యెవరిది? ఎక్కడికిఁ బోయెను?" అనెను.

భట్టు లేచెను. అలవాటునఁ జేయి యుత్తరీయము సవరించెను. అలవాటుననే యొక ప్రమాణము నాలుకకొనకు వచ్చెను. దానివెంట నింకొకటి వచ్చెను. చక్కని ప్రమాణములు. ప్రక్కన వరదాచార్యుని పెదవులును గదలుచున్నవి. భట్టు పోలినిఁ జూచెను. బిడ్డను జూచెను.

"ప్రభూ! నే నెఱుఁగను."

మల్లపదేవుఁడు తాను సరిగా వినలేదేమో యని చెవి యొగ్గెను. "ఏమంటిరి?"

"నే నెఱుఁగను. ఎఱుఁగనిదానిని నెఱిఁగినట్లు చెప్పుటకు నాకిఁక శక్తి లేదు."

అనంతదేవుఁ డాశతో వరదాచార్యునిఁ జూచెను. వరదాచార్యుఁడు దీర్ఘముగా నిట్టూర్చి "నేనును నెఱుఁగను" అనెను. పిమ్మట నాయన ముఖము బరువు దింపుకొనిన కూలివానిముఖమువలెఁ దేటపడెను.

రాజు లొండొరుల మొగములు చూచుకొనిరి. మంత్రుల నడిగిరి. మంత్రులు నేలఁ జూచిరి. బొల్లన నడిగిరి. బొల్లన తన మిగిలిన మీసమును దడవుకొనెను. తెలియునని చెప్పువాఁడొక్కఁడైన దొరకినచో నా సాయంకాలము నెత్తురు పాఱియుండును. దొరకలేదు. తెలియునని చెప్పువాఁడు లేక యుద్ధము సాగదు గనుక యుద్ధ మాగెను. ఇరురాజులును మిక్కిలి యసంతృప్తితో సంధి చేసికొని యెవరి వీటికి వారు పోయిరి. పోయి యిరువురును విజయశాసనములు చెక్కించిరి.

నాలుగవదినమున మైలారభట్టు ఇంటికి వచ్చెను. అంతకుముందే యాతఁడు నీటఁ బోయెనని యొకఁడును శత్రువులకుఁ జిక్కెనని యొకఁడును సోమిదేవమ్మతోఁ జెప్పియుండిరి. ఆమె యే మాటయు నమ్మక మూఁడు దినములు గడపలోఁ గూర్చుండియుండెను. భర్తను జూచి లేచెను. ఏడువలేదు. కాళ్లకు నీళ్లిచ్చి యన్నము వడ్డించి యెదుటఁ గూర్చుండి "ఎవరు గెలిచిరి?" అని యడిగెను.

"నే నెఱుఁగను" అని భట్టు ముద్ద కలుపుకొనెను.

సోమిదేవమ్మ చేతిలోని నేతిగిన్నె యట్లే నిలిచిపోయెను. ఆమె భర్తముఖమును జాలసేపు పరికించి చూచెను. "ఇరువదియెనిమిదేండ్లలో మీ నోట నీ మాట వినుట యిదియే మొదలు" అని మెల్లగా ననెను. పిమ్మట జరిగినదంతయుఁ జెప్పుమని తాను కోరెను. ఆతఁడు చెప్పెను. నడుమ నడుమ నామెయుఁ దనకుఁ దోఁచినది చెప్పెను. ఆతఁడు వినెను. వండిన యన్నము చల్లాఱిపోయినను నా దంపతు లిరువురకు నా దినము భోజనము మిక్కిలి రుచించెను. ఎఱుకవలనఁ గలుగు కీర్తి యెంతటిదైనను ఎఱుఁగనని యొప్పుకొనుటవలనఁ గలుగు శాంతి దానికంటె నిలుకడగలది. దానికి శాసనము లుండవు. అట్టి శాంతి యున్నయింట నొకరి మాట నొకరు విందురు.